ఏడు బిల్లులు, 14 లక్షల బాకీ: ఒక చిన్న యూనిట్ వసూలు కేస్ స్టడీ

హైదరాబాద్ బాలానగర్ పారిశ్రామికవాడలో ఒక చిన్న మెషినింగ్ యూనిట్ ఉంది. కొన్ని లేత్‌లు, రెండు సీఎన్‌సీ మెషీన్లు, పదిమందికి పైగా పనివాళ్లు. కన్వేయర్లలో వాడే రోలర్ షాఫ్టులు, బేరింగ్ హౌసింగులు తయారుచేస్తారు. సరుకు కొన్నది పుణె వైపు ఉన్న ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. చిన్న యూనిట్లకు లెక్కలు, వసూళ్లు చూసిపెట్టడం నా వృత్తి. 2024 జనవరిలో ఈ ఫైలు నా చేతికి వచ్చింది. యూనిట్ యజమాని అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఇద్దరి పేర్లూ చెప్పడం లేదు.

2023 జూన్ నుంచి సెప్టెంబర్ మధ్య ఏడు బిల్లులు. సరుకు విలువ 12,00,000, జీఎస్టీ 2,16,000, మొత్తం 14,16,000 రూపాయలు. నేను ఫైలు తెరిచేనాటికి ఒక్క రూపాయి కూడా రాలేదు.

"పార్టీ మంచిదే సార్. డబ్బు ఎక్కడికీ పోదు. కాకపోతే ఎప్పుడు ఫోన్ చేసినా వచ్చే వారం అంటారు" అన్నారు యజమాని. ఆయన లేత్ ఆపరేటర్‌గా మొదలుపెట్టి సొంత షెడ్డు వేసుకున్న మనిషి. గట్టిగా అడిగితే ఆర్డర్లు ఆగిపోతాయని భయం. అడగకపోతే జీతాలకు ఓడీ (బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్) ఖాతాలోంచి తీయాలి, దాని మీద వడ్డీ కట్టాలి. ఇంకో బాధ కూడా ఉంది. పార్టీ డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా బిల్లు వేసిన నెల తర్వాతి 20వ తేదీకల్లా జీఎస్టీ రిటర్న్‌లో పన్ను కట్టేయాలి. అంటే రాని డబ్బు మీద 2,16,000 రూపాయలు ఆయన ఎప్పుడో తన జేబులోంచి కట్టేశారు. మొండి బాకీ అయినంత మాత్రాన ఆ పన్ను వెనక్కి ఇచ్చే ఏర్పాటు జీఎస్టీలో లేదు.

నేను అడిగిన మొదటి ప్రశ్న: ఇన్నాళ్లూ ఫోన్ చేస్తున్నది ఎవరికి? పర్చేజ్ మేనేజరుకి. వాట్సాప్ మెసేజ్‌లు కూడా ఆయనకే. "గుడ్ మార్నింగ్ సర్, పేమెంట్ గురించి" అని మొదలయ్యే మెసేజ్‌లు నెలల తరబడి ఉన్నాయి. అటునుంచి ఒక బొటనవేలు గుర్తు, ఎప్పుడైనా "ష్యూర్, ప్రాసెస్‌లో ఉంది".

ఈ కేసులో అసలు ముడి అక్కడే ఉంది. పర్చేజ్ మేనేజరు పని సరుకు తెప్పించడం. బిల్లు ఆలస్యమైతే ఆయనకు పోయేది ఏమీ లేదు. ఆలస్యం వల్ల నష్టం, ఇబ్బంది, సంజాయిషీ ఎవరికి ఉంటాయో వాళ్లను పట్టుకోవాలి. వాళ్లు అదే కంపెనీలో వేరే గదిలో కూర్చుని ఉంటారు: అకౌంట్స్ హెడ్, ఆడిటర్‌కు జవాబు చెప్పాల్సిన ఫైనాన్స్ మేనేజరు, రిటర్నుల మీద సంతకం పెట్టే డైరెక్టరు. మన బాకీ ఉందన్న సంగతి చాలాసార్లు వాళ్ల దాకా వెళ్లదు. బతిమాలడం, బెదిరించడం రెండూ పర్చేజ్ టేబుల్ దగ్గరే ఆగిపోతాయి.

కాగితాలు

వాళ్లను కదిలించాలంటే ముందు మన కాగితాలు సరిగ్గా ఉండాలి. ఏడు బిల్లులకూ పర్చేజ్ ఆర్డర్, ఇన్‌వాయిస్, ఈ-వే బిల్లు, లారీ రసీదు, గేటు దగ్గర వేసిన ఇన్‌వర్డ్ ముద్ర ఉన్న చలాన్ కాపీ వెతికించాను. ఐదింటికి అన్నీ దొరికాయి. రెండింటికి ముద్ర ఉన్న చలాన్ లేదు. డ్రైవరు తేలేదట, ఇక్కడ ఎవరూ అడగలేదట. సరుకు చేరిందని రేపు ఎవరైనా నిరూపించమంటే ఆ రెండు బిల్లుల దగ్గర ఇరుక్కుంటాం.

దానికి ఉన్న సులువైన దారి గొడవ పెట్టుకోకుండా లెడ్జర్ అడగడం. "సంవత్సరాంతం వస్తోంది, మీ పుస్తకాల్లో మా ఖాతా కాపీ పంపితే ట్యాలీ చేసుకుంటాం" అని వాళ్ల అకౌంట్స్ విభాగానికి యూనిట్ తరఫున మెయిల్ పెట్టించాం. ఇది రోజూ జరిగే వ్యవహారం కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, ఎవరూ కాదనరు. మూడో రోజుకల్లా లెడ్జర్ వచ్చింది. ముద్ర లేని రెండు బిల్లులతో సహా ఏడూ అందులో ఉన్నాయి. సరుకు అందిందని, డబ్బు ఇవ్వాల్సి ఉందని కంపెనీ తన నోటితో చెప్పినట్టే. నా అనుభవంలో లాయరు నోటీసు కంటే ముందు సంపాదించాల్సిన కాగితం ఇదే. లాయరు నోటీసు వెళ్లాక లెడ్జర్ అడిగితే ఎవరూ ఇవ్వరు.

లెడ్జర్ వచ్చాక, కింద బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ రాసి సంతకం, స్టాంపు వేసి పంపమని కూడా అడిగాం. లిమిటేషన్ చట్టం ప్రకారం బాకీ కోసం దావా వేయడానికి సాధారణంగా మూడేళ్ల గడువు. ఆ గడువు లోపల బాకీదారు సంతకంతో బాకీని ఒప్పుకుంటే ఆ తేదీ నుంచి మూడేళ్లు మళ్లీ కొత్తగా లెక్కకు వస్తాయి. ఈ కేసులో గడువు దాటే ప్రమాదం అప్పటికి లేదు. అయినా ఆ కాగితం ఫైల్లో ఉంటే ధైర్యం వేరు.

లెడ్జర్‌లో ఒక తేడా కనిపించింది. మనకు ఇవ్వాల్సిన దాంట్లో 46,000 రూపాయలు తగ్గిస్తూ వాళ్లు ఒక డెబిట్ నోట్ వేసుకున్నారు, రిజెక్షన్ అని. యజమాని మండిపడ్డారు. "మా సరుకు బాగాలేకపోతే అప్పుడే చెప్పాలి కదా సార్, ఇప్పుడు చెప్తారా?" అన్నారు. తీరా వాట్సాప్ వెనక్కి తిప్పి చూస్తే, ఒక లాట్‌లో కొన్ని షాఫ్టులకు కీవే గాడి వెడల్పు తేడా వచ్చిందని ఫొటోలతో సహా అప్పట్లోనే పంపారు. ఆ లాట్ మట్టుకు వాళ్లు చెప్పింది నిజం. మిగతా రిజెక్షన్‌కు ఆధారం ఏమీ లేదు. నిజమైన భాగానికి 20,000, దాని మీద జీఎస్టీ 3,600 కలిపి 23,600 రూపాయలు మన బాకీలో తగ్గిస్తూ క్రెడిట్ నోట్ ఇప్పించాను. ఆయనకు ఇష్టం లేదు. కానీ మనం తప్పుగా అడుగుతున్న రూపాయి ఒక్కటున్నా, అటువైపు వాళ్లు మొత్తం బాకీని "వివాదం" అనేస్తారు. నికరంగా 13,92,400 రూపాయలు. ఇక దాని మీద ఎవరూ వేలు పెట్టలేరు.

చట్టం ఏం చెబుతోంది

ఇక్కడ కాస్త ఆగి చట్టం సంగతి చెప్పాలి, ఎందుకంటే తర్వాత కథంతా దీని మీదే నడిచింది. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి కోసం తెచ్చిన 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర సరుకు గానీ సేవ గానీ తీసుకున్నవాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకున్న తేదీకి డబ్బు ఇవ్వాలి. ఆ గడువు ఎంత రాసుకున్నా 45 రోజులు మించడానికి వీల్లేదు. ఏమీ రాసుకోకపోతే 15 రోజులు. మన పర్చేజ్ ఆర్డర్ల మీద 90 రోజులు అని ఉంది. యజమాని కూడా ఇన్నాళ్లూ 90 రోజులనే లెక్కపెడుతున్నారు. చట్టం ముందు ఆ 90 చెల్లదు.

సరుకు అందిన 15 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, సరుకు అందిన రోజునే దాన్ని ఒప్పుకున్నట్టు చట్టం భావిస్తుంది. ఆరు నెలల తర్వాత "క్వాలిటీ బాగాలేదు" అని నోటిమాటగా అంటే ఈ గడువు లెక్క మారదు.

గడువు దాటితే వడ్డీ. అది మామూలు వడ్డీ కాదు. రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. ఈ కేసు నడిచిన కాలంలో బ్యాంక్ రేటు 6.75 శాతం. మూడు రెట్లంటే ఏడాదికి 20.25 శాతం. ఒక్క బిల్లు లెక్క చూపిస్తాను. 2023 జూన్ 12న చేరిన సరుకు, బిల్లు 2,36,000. చట్టప్రకారం జూలై 27కి డబ్బు రావాలి. 2024 జనవరి 27 నాటికి ఆరు నెలల ఆలస్యం. నెలకు 1.6875 శాతం చొప్పున చక్రవడ్డీ వేస్తే ఆ ఒక్క బిల్లు మీదే వడ్డీ దాదాపు 24,900 రూపాయలు. ఆ వడ్డీని కొన్న కంపెనీ తన ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపుకోవడానికి కూడా లేదని అదే చట్టంలో ఉంది.

వీటికి తోడు 2023 ఫైనాన్స్ చట్టం ఆదాయపు పన్ను చట్టంలో 43బీ(హెచ్) అనే క్లాజు చేర్చింది. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఇవ్వాల్సిన డబ్బు ఆ 15 లేదా 45 రోజుల గడువు దాటినా ఇవ్వకపోతే, నిజంగా చెల్లించిన సంవత్సరంలోనే దాన్ని ఖర్చుగా చూపుకోవాలి. గడువు దాటినా మార్చి 31 లోపు ఇచ్చేస్తే ఆ ఏడాదికే ఖర్చు వస్తుంది. దాటితే రాదు. ఇది మొదటిసారి లెక్కకు వచ్చింది 2023-24లో, అంటే సరిగ్గా మన బిల్లుల సంవత్సరంలోనే. ఆ ఫిబ్రవరి, మార్చి నెలల్లో అకౌంట్స్ విభాగాల్లో అందరి నోటా ఇదే మాట.

మన పార్టీకి ఇది రూపాయల్లో ఎంత? సరుకు విలువ సుమారు 12 లక్షలు. 22 శాతం రేటు ఎంచుకున్న కంపెనీకి సర్‌చార్జి, సెస్సు కలిపితే పన్ను 25.17 శాతం పడుతుంది. మార్చి 31 దాటితే ఆ ఏడాదికి దాదాపు మూడు లక్షల పన్ను ముందే కట్టుకోవాలి. పర్చేజ్ మేనేజరుకి ఈ సంగతి తెలియదు, తెలిసినా పట్టదు. ఫైనాన్స్ మేనేజరుకి మాత్రం నిద్ర పట్టదు.

ఒక జాగ్రత్త: ఎంఎస్‌ఎంఈడీ చట్టంలోని బకాయిల రక్షణ సూక్ష్మ, చిన్న సంస్థలకే. మధ్యతరహా సంస్థలకు లేదు. కేవలం కొని అమ్మే ట్రేడర్లకు ఉద్యమ్ నంబరు (చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే రిజిస్ట్రేషన్) ఇస్తున్నది బ్యాంకు అప్పుల్లో ప్రాధాన్యత కోసమే. తయారీ, సేవల వాళ్లే దీన్ని వాడుకోగలరు.

ఉత్తరం

ఫిబ్రవరి రెండో వారంలో ఉత్తరం పంపాం. రిజిస్టర్డ్ పోస్టులో ఒకటి, మెయిల్‌లో ఒకటి. అకౌంట్స్ హెడ్‌కు రాసి, డైరెక్టర్లకు, పర్చేజ్ మేనేజరుకు కాపీలు పెట్టాం. కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు అడ్రసు, డైరెక్టర్ల పేర్లు కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో ఎవరైనా చూసుకోవచ్చు. ఉత్తరం ఇంగ్లీషులో వెళ్లింది. అందులోని విషయం ఇది:

"మీ పర్చేజ్ ఆర్డర్ల మీద పంపిన, మీ లెడ్జర్‌లోనూ ఉన్న ఏడు బిల్లుల తాలూకు, క్రెడిట్ నోట్ పోను 13,92,400 రూపాయలు బాకీ ఉన్నాయి. మాది సూక్ష్మ సంస్థ. ఉద్యమ్ సర్టిఫికెట్ జతచేశాం. దయచేసి మీ వెండర్ రికార్డుల్లో నమోదు చేసుకోండి. ఎంఎస్‌ఎంఈడీ చట్టం 15, 16 సెక్షన్ల కింద గడువు తేదీలు, ఈనాటి వరకు వడ్డీ బిల్లువారీగా పట్టికలో చూపాం. మార్చి 15 లోపు అసలు మొత్తం జమ అయితే వడ్డీ విషయం కూర్చుని మాట్లాడుకోవడానికి సిద్ధంగా ఉన్నాం. మీతో వ్యాపారం కొనసాగించాలనే మా కోరిక."

అంతే. ఒక పేజీ ఉత్తరం, ఒక పేజీ పట్టిక. చట్టపరమైన చర్యలు తప్పవు, పరువు పోతుంది లాంటి మాటలు ఒక్కటీ లేవు. వడ్డీ అంకె కళ్లెదుట ఉంటే ఆ మాటలు అనవసరం.

జీఎస్టీ ఊసు ఉత్తరంలో తేవాలా వద్దా అని చాలా ఆలోచించాను. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లోపు సప్లయర్‌కు డబ్బు ఇవ్వకపోతే, కొన్నవాళ్లు ఆ బిల్లు మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను, అంటే ఆ బిల్లులోని జీఎస్టీకి తమ పన్నులో తగ్గించుకున్న మొత్తాన్ని, వడ్డీతో వెనక్కి కట్టాలి. డబ్బు ఇచ్చాక మళ్లీ తీసుకోవచ్చు. జూన్, జూలై బిల్లులకు 180 రోజులు అప్పటికే నిండాయి. "మీ మీద జీఎస్టీ అధికారులకు ఫిర్యాదు చేస్తాం" అని రాయమని సలహా ఇచ్చేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. అది బ్లాక్‌మెయిల్ వాసన కొడుతుంది, అటుపక్క మనిషి మొండికేస్తాడు. పట్టికలో ఒక వరుస మాత్రం పెట్టాను: "బిల్లు తేదీ నుంచి గడిచిన రోజులు". 190, 204, 221 అని అంకెలు ఉంటే అకౌంట్స్ చదువుకున్నవాళ్లకు అర్థమైపోతుంది.

వారం తర్వాత అకౌంట్స్ హెడ్ స్వయంగా ఫోన్ చేశారు. ఆవిడ చెప్పిన మొదటి మాట: "మా సిస్టమ్‌లో మీరు మైక్రో అని మార్క్ అయి లేరండీ." మొత్తం ఆలస్యానికి సగం కారణం ఆ ఒక్క మాటలో ఉంది. కంపెనీలు సూక్ష్మ, చిన్న సప్లయర్లకు 45 రోజులు దాటిన బకాయిలను ఎంఎస్‌ఎంఈ-1 ఫారంలో ఆరు నెలలకోసారి, అక్టోబర్ 31కి, ఏప్రిల్ 30కి ప్రభుత్వానికి చూపాలి. వార్షిక లెక్కల్లోనూ విడిగా చూపాలి. అందుకని చాలా కంపెనీల్లో ఆ జాబితాలో ఉన్నవాళ్ల బిల్లులు ముందు కదులుతాయి. మన యూనిట్‌కు ఉద్యమ్ నంబరు 2021 నుంచి ఉంది. బిల్లు మీద అది ఎప్పుడూ అచ్చు వేయలేదు, సర్టిఫికెట్ ఎప్పుడూ పంపలేదు. కాబట్టి ఆ జాబితాలోకి మనం ఎక్కలేదు. ఉత్తరం వెళ్లిన తర్వాతే ఎక్కాం.

మార్చి నెలాఖరులో 6,00,000 రూపాయలు జమయ్యాయి. ఏ బిల్లులకో వాళ్లు చెప్పలేదు. అదే రోజు మెయిల్ పెట్టించాను: ఈ మొత్తాన్ని పాత బిల్లుల నుంచి వరుసగా జమ కట్టుకున్నాం, వడ్డీ మీద మా హక్కు అలాగే ఉంది, మిగిలిన అసలు 7,92,400 అని. ఇలా రాయకపోతే తర్వాత "అది వేరే బిల్లుకి ఇచ్చాం" అన్న వాదన బయల్దేరుతుంది.

బేరం

మార్చి 31 దాటింది. పన్ను తొందర తీరిపోయింది. ఏప్రిల్‌లో పర్చేజ్ మేనేజరు మళ్లీ రంగంలోకి దిగారు. సైటులో రెండు కన్వేయర్లు ఆగిపోయాయని, దానికి మన షాఫ్టులే కారణమని, తమకే నష్టం వచ్చిందని ఫోన్‌లో చెప్పారు. రాసి పంపమంటే పంపలేదు. కొన్నాళ్లకు అసలు మాట బయటికి వచ్చింది. 5,50,000 ఇస్తారట, "ఇక బాకీ ఏమీ లేదు" అని లెటర్ ఇవ్వాలట.

యజమాని ఊగిసలాడారు. అది సహజం. ఓడీ లిమిట్ నిండింది, ఇద్దరు పాత పనివాళ్లకు అడ్వాన్సులు ఇవ్వాల్సి ఉంది, పిల్లల ఫీజుల కాలం. "వచ్చిందే చాలనుకుందామా సార్?" అని అడిగారు. ఇలాంటి చోట సలహా ఇచ్చేవాళ్లు వీరావేశంతో మాట్లాడకూడదు. డబ్బు ఆయనది, టెన్షన్ ఆయనది. నేను రెండు అంకెలు కాగితం మీద రాసి ఇచ్చాను. ఒప్పుకుంటే అసలులోనే 2,42,400 పోతుంది, వడ్డీ మొత్తం పోతుంది. ఒప్పుకోకపోతే ఇంకో ఆరేడు నెలలు పట్టొచ్చు, ఆ లోపు యూనిట్ నడవాలి. ఆ ఆరేడు నెలలు నడవడానికి బ్యాంకు మేనేజరుతో మాట్లాడి ఓడీ లిమిట్ తాత్కాలికంగా పెంచే ఏర్పాటు అవుతుందేమో ముందు చూద్దామన్నాను. అయింది. ఆ తర్వాతే ఆయన "వద్దు" అనగలిగారు. చేతిలో నాలుగు నెలల ఊపిరి లేనివాడు ఏ బేరానికైనా తలొంచుతాడు. వసూలు పనిలో దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

మిగతా దారులు కూడా చూశాం. దివాలా చట్టం కింద నోటీసు ఇవ్వాలంటే బాకీ కనీసం కోటి రూపాయలు ఉండాలి. 2020 మార్చి నుంచి అదే పరిమితి. కాబట్టి అది మనకు కాదు. కమర్షియల్ కోర్టులో దావాకు 3 లక్షలు దాటితే చాలు, కానీ అత్యవసర ఉత్తర్వులు కోరితే తప్ప ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లాలి, కోర్టు ఫీజు, పుణె ప్రయాణాలు. వసూలు ఏజెంట్లు అనే మనుషుల జోలికి వెళ్లనని మొదటి రోజే చెప్పాను. మిగిలింది ఫెసిలిటేషన్ కౌన్సిల్, అంటే ఎంఎస్‌ఎంఈడీ చట్టం కింద ఇలాంటి బకాయిల గొడవలు వినే వేదిక.

కౌన్సిల్

2024 మే నెలలో, అప్పట్లో కౌన్సిల్ దరఖాస్తులకు వాడే సమాధాన్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాం. ఉద్యమ్ నంబరుతో లాగిన్ అయి పర్చేజ్ ఆర్డర్లు, బిల్లులు, లెడ్జర్, వడ్డీ పట్టిక ఎక్కించాం. ముందే అన్నీ వరుసలో పెట్టుకున్నందువల్ల ఒక పూటలో అయిపోయింది. చిన్న వ్యాపారికి ఈ చట్టం ఇచ్చిన పెద్ద వరం ఏమిటంటే, కొన్నవాళ్లు దేశంలో ఎక్కడున్నా సప్లయర్ ఉన్న చోటి కౌన్సిలే కేసు వింటుంది. పుణె వాళ్లు తెలంగాణ కౌన్సిల్ ముందుకు రావాల్సిందే.

నోటీసు అందాక వాళ్ల లాయరు ఒక జవాబు ఇచ్చారు. పర్చేజ్ ఆర్డర్ వెనక చిన్న అక్షరాల్లో ఆర్బిట్రేషన్ క్లాజు (గొడవలు కోర్టు బయట మధ్యవర్తి తీర్పుతో తేల్చుకోవాలన్న షరతు) ఉంది, పుణె కోర్టులకే అధికారం అని ఉంది, కాబట్టి కౌన్సిల్‌కు విచారించే హక్కు లేదన్నది సారాంశం. ఇలాంటి వాదనకు సుప్రీంకోర్టు 2022 అక్టోబర్‌లో గుజరాత్ స్టేట్ సివిల్ సప్లైస్ కార్పొరేషన్, మహాకాళి ఫుడ్స్ కేసులో జవాబు చెప్పేసింది. ఇద్దరి మధ్య ప్రైవేటు ఆర్బిట్రేషన్ ఒప్పందం ఉన్నా ఎంఎస్‌ఎంఈడీ చట్టమే పైచేయి. మన జవాబులో ఆ తీర్పు ఉటంకించి రెండు పేరాలు రాశాం.

చట్టం కౌన్సిల్‌కు 90 రోజుల గడువు పెట్టింది. వాస్తవంలో అంతకంటే ఎక్కువే పడుతుంది, దానికి సిద్ధపడే వెళ్లాలి. సెప్టెంబర్‌లో రాజీ విచారణకు పిలుపు వచ్చింది. అటునుంచి లాయరు, అకౌంట్స్ హెడ్ వచ్చారు. పర్చేజ్ మేనేజరు రాలేదు. క్వాలిటీ మాట ఎత్తగానే, 15 రోజుల్లోపు రాసిన అభ్యంతరం ఏదైనా ఉందా అన్న ప్రశ్న వచ్చింది. ఒక్కటే ఉంది, కీవే ఫొటోలు. దానికి క్రెడిట్ నోట్ ఇచ్చేశామని మన కాగితం చూపించాం. ఫిబ్రవరిలో యజమానికి చేదుగా అనిపించిన ఆ 23,600 ఆ రోజు బాగా పనికొచ్చింది. నిజమైన లోపం చెప్పినప్పుడు ఒప్పుకున్న మనిషి, మిగతా విషయంలోనూ నిజమే చెబుతున్నాడని ఎదుటివాళ్లకు అనిపిస్తుంది.

బయట వరండాలో వాళ్ల లాయరు తన క్లయింటుతో ఏం మాట్లాడారో నాకు తెలియదు. కానీ చట్టంలో ఒక సెక్షన్ ఉంది, ఏ లాయరైనా చెప్పి తీరతాడు. కౌన్సిల్ అవార్డు (తీర్పు) ఇచ్చాక దాన్ని కొట్టేయమని కొన్న కంపెనీ కోర్టుకు వెళ్లాలంటే, అవార్డు మొత్తంలో 75 శాతం ముందుగా డిపాజిట్ చేయాలి. ఊరికే అప్పీలు వేసి ఏళ్లు గడిపే దారి మూసుకుపోతుంది. తర్వాతి విచారణకు వాళ్లే రాజీ ప్రతిపాదన తెచ్చారు.

అసలు 7,92,400 పూర్తిగా. అక్టోబర్‌లో 3,00,000, నవంబర్‌లో 2,50,000, డిసెంబర్‌లో 2,42,400. వడ్డీ చట్టప్రకారం రెండున్నర లక్షల దాకా తేలింది. 1,30,000 దగ్గర రాజీ కుదిరింది, 2025 జనవరిలో ఇవ్వాలి. యజమాని ఇంకాస్త లాగుదామన్నారు. నేను వద్దన్నాను. అవార్డు దాకా వెళ్తే ఇంకెన్ని నెలలో చెప్పలేం, ఆ నెలల ఓడీ వడ్డీ కూడా లెక్కే కదా.

రాజీ పత్రంలో మూడు విషయాలు పట్టుబట్టి రాయించాను. ఒక్క వాయిదా తప్పినా రాజీ వడ్డీ రద్దయి చట్టప్రకారం పూర్తి వడ్డీ వర్తిస్తుంది. ప్రతి వాయిదాకూ ఆ వాయిదా తేదీ వేసిన చెక్కు ముందే ఇవ్వాలి. బౌన్స్ అయితే బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లోపు నోటీసు, వాళ్లకు 15 రోజుల గడువు, ఆ తర్వాత నెలలోపు క్రిమినల్ ఫిర్యాదు అన్న దారి మనకు తెరిచి ఉంటుంది. మూడోది వడ్డీ మీద జీఎస్టీ అదనం అన్న మాట. ఆలస్యానికి తీసుకునే వడ్డీ కూడా సరఫరా విలువలో భాగమే కాబట్టి అది చేతికి వచ్చినప్పుడు దాని మీద పన్ను కట్టాలి. ఆ మాట రాయకపోతే 1,30,000లోంచి మనమే కట్టుకోవాల్సి వచ్చేది. ఈ పత్రం కౌన్సిల్ ముందు సంతకాలైంది. అలా రాజీ కుదిరితే అది ఆర్బిట్రేషన్ అవార్డుతో సమానం, నేరుగా అమలు చేయించుకోవచ్చు. ప్రైవేటుగా ఆఫీసులో కూర్చుని రాసుకున్న కాగితానికి ఆ బలం ఉండదు.

వాయిదాలన్నీ తేదీ తప్పకుండా వచ్చాయి.

ఇప్పుడు ఆ యూనిట్‌లో

ప్రతి బిల్లు మీద ఉద్యమ్ నంబరు, "సూక్ష్మ సంస్థ, చెల్లింపు గడువు 45 రోజులు" అన్న వాక్యం అచ్చవుతున్నాయి. కొత్త పార్టీకి మొదటి కొటేషన్‌తోనే సర్టిఫికెట్ వెళ్తుంది. ముద్ర ఉన్న చలాన్ తెస్తేనే లారీ బాడుగ మిగతా సగం ఇస్తున్నారు. ఈ ఒక్క మార్పుతో కాగితాల వెతుకులాట తగ్గిపోయింది. 30వ రోజున పర్చేజ్‌కు, 46వ రోజున అకౌంట్స్‌కు వెళ్లే మెయిల్ యజమాని కూతురు చూసుకుంటోంది. ఆ అమ్మాయికి నాన్నకున్న మొహమాటం లేదు, ఈ పనికి అది మంచిదే.

బాకీ అడిగితే పార్టీ పోతుందన్న భయం ఉండేది కదా, అది కొంత నిజమే అయింది. ఆ కంపెనీ నుంచి చాలా నెలలు ఆర్డర్ రాలేదు. తర్వాత ఒక చిన్న ఆర్డర్ వచ్చింది, సగం అడ్వాన్సుతో. తీసుకున్నారు. అయితే ఒకే పార్టీ మీద ఇంత సొమ్ము నిలిచిపోకుండా ప్రతి పార్టీకీ ఒక పరిమితి పెట్టుకున్నారు. అది దాటితే సరుకు గేటు దాటదు.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఇంకా చేయించుకోనివాళ్లు దీన్ని చదువుతుంటే ఒక మాట. సరుకు పంపాక రిజిస్టర్ చేయించుకుంటే పాత బిల్లులకు ఈ రక్షణ వర్తించదని సుప్రీంకోర్టు 2021లో సిల్పీ ఇండస్ట్రీస్ కేసులోనూ, 2022లో మహాకాళి కేసులోనూ చెప్పింది. 2025 జనవరిలో ఎన్‌బీసీసీ కేసులో మాత్రం ఇద్దరు జడ్జిల బెంచి వేరే అభిప్రాయం చెప్పి, విషయాన్ని పెద్ద బెంచికి పంపింది. ఆ చర్చ ఎటు తేలినా, రిజిస్ట్రేషన్ ఉచితం, ఆన్‌లైన్‌లో ఆధార్, పాన్‌తో అయిపోతుంది. బిల్లు వేయకముందే చేయించుకోండి.

ఈ ఫైల్లో చివరగా మిగిలింది టీడీఎస్, అంటే డబ్బు ఇచ్చేవాళ్లే ముందుగా కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను. 1,30,000 వడ్డీ మీద కంపెనీ పది శాతం, అంటే 13,000 రూపాయలు కోసుకుని మిగతాది వేసింది. అది చట్టప్రకారం సరైనదే. జనవరి నుంచి మార్చి త్రైమాసికం టీడీఎస్ రిటర్న్‌కు మే 31 దాకా గడువు. అది దాఖలయ్యాక యూనిట్ పేరిట జమైన పన్నులు చూపే 26ఏఎస్ పట్టికలో ఆ 13,000 కనిపించింది. యూనిట్ ఆదాయపు పన్ను రిటర్న్‌లో దాన్ని సర్దుబాటు చేసి ఫైలు మూసేశాను.